యవత్తు

హలసూరు బ్యాంకులో పదిహేడేళ్ళుగా
కౌంటరు వెనక కూర్చుంటున్నాను.
పేరులో ఒక అక్షరం తేడా వస్తే
చెక్కు వెనక్కి తోసేసే చెయ్యి ఇది.
ఆ చేతిలోనే ఇప్పుడు నాన్న ఫైలు.

రికార్డాఫీసు పదిహేను నిమిషాల నడక,
చెరువు పక్కగా వెళ్తే ఇరవై.
చెరువు పక్కగానే వెళ్తాను,
అడగాల్సింది నోట్లో ఒకసారి తిప్పుకోడానికి.

లోపల హవల్దారు, మా తమ్ముడి కొడుకు ఈడు,
రెండు షీట్లు పక్కపక్కన పరిచాడు.

గేదెల సన్యాసి, సాపరు.
చేరిన తేదీ, విడుదలైన తేదీ,
పెళ్ళాం పేరు, ఊరు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ.
పతకాల గడిలో అడ్డగీత.

జి. సన్నాసి, సాపరు.
డెబ్బయ్యొకటి డిసెంబరు, తూర్పు సరిహద్దు,
పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్.
ఆ తర్వాత ఊరు లేదు, పెళ్ళాం లేదు,
పింఛను లేదు, చావు కూడా లేదు.

కాగితం లెక్కన
యుద్ధానికి వెళ్ళినవాడు ఇంటికి రాలేదు.
ఇంటికి వచ్చినవాడు యుద్ధానికి వెళ్ళలేదు.

ఇంగ్లీషు టైపులో ఒక్క అక్షరం, మన రాతలో ఒక వత్తు.
అరవ గుమస్తా చెవికి సన్నాసి మంచి పేరే,
వాళ్ళ తాతదే అయ్యుండొచ్చు.
శ్రీకాకుళంలో ఆ మాటకి అర్థమేమిటో
ఆయనకెవరు చెప్తారు?
నాన్నకి తెలుసు. నవ్వేవాడు.
"సర్కారే నన్ను సన్నాసన్నాది,
ఇంక మీయమ్మంటే తప్పేటి?"
అపార్ట్‌మెంటు గేటు దగ్గర నీలం చొక్కాలోనూ అదే నవ్వు.
వాళ్ళు విజిల్ ఇచ్చారు, ఒక్కనాడూ ఊదలేదు,
చప్పట్లు కొట్టి కార్లు ఆపేవాడు.
యవత్తు పోతే యావత్తూ పోయిందని
అప్పుడు నాకు తోచలేదు.

"రుజువు?" అన్నాడు కుర్రాడు, మర్యాదగానే.

ఉండేది.
కుడికాలికి మూడే వేళ్ళు.
చలికాలం మేజోడు తొడిగేముందు
ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టి
ఎదురింటి పిల్లల్ని నవ్వించేవాడు.
ఆ కాలిని కరెంటు శ్మశానంలో
నేనే సంతకం పెట్టి లోపలికి పంపాను.
రసీదు ఉంది.
కాలి సంగతి రసీదులో లేదు.

కోలారు గనుల కాలనీలో ముత్తుక్కన్ను దొరికాడు,
ఎనభైకి దగ్గర, చెవులు మందం.
స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేసేముందు
చాలా తప్పులు చెప్పాడు. నది పేరు తప్పు.
ఆఫీసరు పేరు రెండుసార్లు మార్చాడు.
కానీ చీకట్లో కడ్డీతో నేలని గుచ్చుతూ
పక్కన సన్యాసి సన్నగా ఈల వేసేవాడని,
ఈల ఆగితే అందరూ ఆగాలని,
ఒక రాత్రి ఆగిందని
నా మణికట్టు పట్టుకుని మరీ చెప్పాడు.
నోటరీ ఆ ముక్క కొట్టేశాడు. అవసరం లేదట.

పదకొండు నెలలు.
మధ్యలో ఒక శుక్రవారం కౌంటరు దగ్గర
రమణమ్మని రవణమ్మ చేసిన చెక్కుతో ఒక ముసలావిడ.
పాస్ చెయ్యలేదు, రూలు రూలే.
వెనక్కి తోసెయ్యనూ లేదు. కూర్చోబెట్టి, టీ తెప్పించి,
రాసిన మనిషికి నేనే ఫోన్ చేశాను.

రిజిస్టర్డ్ పోస్టులో అట్టపెట్టె వచ్చింది.
అంచు మీద నంబరూ పేరూ చెక్కి ఉన్నాయి,
ఈసారి అక్షరాలన్నీ ఉన్నాయి.
అమ్మకి చదువు రాదు. గోటితో అంచు చుట్టూ తడిమి
"మొదలెక్కడ?" అంది. చూపించాను.

సవరించిన షీటు చదివించుకుంది.
మళ్ళీ చదవమంది.
"కాలి ఏళ్ళ ఊసు రాసినారా?"
లేదమ్మా. దానికి గడి లేదు.

బీరువాలోంచి
కొస మడిచి కుట్టిన కుడికాలి మేజోడు తీసి
పతకాన్ని అందులోకి జార్చి ముడేసింది.
"సన్నాసికెంత సెప్పినా అంతే,"
అని గొణుక్కుంది, ఎవర్నో మరి.